ఇప్పపూల తీపి ఎవరిది?

ఇప్పపువ్వును ఎవరూ కోయరు. చెట్టే రాలుస్తుంది, మనుషులు ఏరుకుంటారు. శివరాత్రి దాటేసరికి ఆకంతా రాల్చుకుని నిలబడే ఇప్ప, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గ తొడుగుతుంది. హోళీ నుంచి శ్రీరామనవమి దాటేదాకా దాని కాలం. పూత విచ్చేది రాత్రిపూట. ఆ వాసన పట్టుకుని గబ్బిలాలు వస్తాయి, తీపి తిని పుప్పొడిని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తాయి. తెల్లవారుజామున కండపట్టిన లేత పసుపు పువ్వు తొడిమ వదిలి నేలమీద పడుతుంది. పొద్దెక్కితే ఎండకు వాడిపోతుంది. అంతకుముందే పశువులు, జింకలు తినిపోతాయి. అందుకే ఆడవాళ్లు చీకటి ఉండగానే గంపలు పట్టుకుని బయలుదేరుతారు. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికీ ప్రాణం. ఒంటరిగా వెళ్లకుండా నలుగురైదుగురు గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లడం వెనక ఆ భయం ఉంది.

ఏరుకొచ్చిన పువ్వును చాపల మీదో ఊడ్చిన వాకిట్లోనో మూడు నాలుగు రోజులు ఎండబెడతారు. పచ్చిపువ్వులో అయిదింట నాలుగు వంతులు నీళ్లే. నాలుగైదు కిలోలు ఎండితే మిగిలేది ఒక కిలో. లేత పసుపు పోయి ముదురు గోధుమరంగు వస్తుంది, కిస్మిస్‌లా ముడుచుకుంటుంది. ఆ ఎండుపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. గానుగ లేదు, పొయ్యి లేదు. చెట్టూ ఎండా కలిసి ఇచ్చే తీపి అది.

ఈ తీపిని మనం ఒక్క కుండతోనే ముడిపెట్టాం. ఇప్పపువ్వు అనగానే సారా గుర్తొస్తుంది, సారా అనగానే బట్టీ, బట్టీ అనగానే కేసు. లడ్డూ గుర్తురాదు, పానకం గుర్తురాదు. ఆ పువ్వు మీదే ఆకలి కాలాలు గట్టెక్కిన మనుషులు గుర్తురారు. ఇప్పను తిండిగా చూడాలి. తాగే దానిగా చూసినా మర్యాదగా చూడాలి. ఏరిన చేతుల్లోనే అది లడ్డూ అయ్యేదాకా, సీసాకెక్కేదాకా ఉండాలి. ఈ కథనం చెప్పదలచుకున్నది ఇదే.

తాళ్ల నేల దాటితే

తెలంగాణలో మన జనగామ చుట్టుపక్కల ఇప్పలు తక్కువ. ఇది తాళ్లూ ఈతలూ ఉన్న నేల. చెరువు కట్ట మీద, పొలం గట్టు మీద, కనుచూపు మేర తాటిచెట్లే. పొద్దున్నే మోకు, ముస్తాదు వేసుకుని గీత కార్మికులు చెట్టెక్కే ఊళ్లు ఇవి. కల్లు గీసే ఇంట పుట్టి, పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో వరంగల్ కోట మీద దాడి చేసిన సర్వాయి పాపన్నది ఈ జిల్లాలోని ఖిలాషాపూర్ గ్రామమే. అయినా ఇక్కడి నేల ఇప్పను పూర్తిగా మరిచిపోలేదు. స్టేషన్ ఘన్‌పూర్ మండలంలో ఇప్పగూడెం ఉంది.

అసలు ఇప్పల నేల చూడాలంటే జనగామ నుంచి తూర్పుకు పోవాలి. వరంగల్, నర్సంపేట దాటి, పాఖాల చెరువు పక్కగా మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల్లో అడుగుపెడితే తాళ్లు పలచబడి మద్ది, తునికి, టేకు, వాటి మధ్య ఇప్పలు మొదలవుతాయి. అటు ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం. ఇంకా పైకి భూపాలపల్లి, మహాముత్తారం, మహదేవపూర్ మీదుగా గోదావరి ఒడ్డు దాకా అదే అడవి. 2016 అక్టోబరుకు ముందు ఇందులో చాలా భాగం పాత వరంగల్ జిల్లానే. కాగితం మీద గీతలు మారినా చెట్టుకూ మనిషికీ ఉన్న లెక్క మారలేదు.

కోయలు పోడు కొట్టేటప్పుడు మిగతా చెట్లు నరికినా ఇప్పను వదిలేస్తారు. చేను మధ్యలో ఒంటరిగా నిలబడ్డ ఇప్ప కనబడితే అది ఎవరో కావాలని నిలిపిన చెట్టు. చెట్టుకో ఇల్లు ఉంటుంది. ఏ చెట్టు కింద ఎవరు ఏరుకోవాలో ఊరికి తెలుసు. తండ్రి చెట్టు కొడుక్కి వస్తుంది. పువ్వు అయిపోయాక కాయ వస్తుంది, ఎండాకాలం చివరికి పండుతుంది. గింజ పగలగొట్టి పలుకు తీసి గానుగాడితే నూనె. ఆ నూనె కూరకూ పనికొస్తుంది, దీపానికీ పనికొస్తుంది. మనం ఇష్టంగా తినే సపోటా కూడా ఈ ఇప్ప కుటుంబంలోని చెట్టే. ఇప్ప పండు విరిస్తే కారే పాలు చూసినవాళ్లకు ఆ చుట్టరికం ఇట్టే అర్థమవుతుంది.

పుట్టుకలో, పెళ్లిలో, చావులో, కొత్తల పండుగలో వేల్పుకు సాక పోయందే అక్కడ పని మొదలవదు. ఆ సాకలో ఇప్పసారాది పెద్ద స్థానం. తాగుబోతు అలవాటు అని బయటివాళ్లు కొట్టిపారేసే దానికి అక్కడ ముందు దేవుడి వాటా ఉంది, తర్వాత పెద్దల వాటా ఉంది, ఆ తర్వాతే మనుషుల వాటా.

పరదేశంలో ఎండు పండు

పెద్ద దుకాణాల్లో డబ్బాల్లో అమ్మే ప్రూన్స్ ఇప్పుడు మన ఊళ్లకూ వచ్చాయి. అవి ఎండబెట్టిన ప్లమ్ పండ్లు. వాటి చుట్టం ఆలూబుఖారా హైదరాబాద్ వంటల్లో ఎప్పటి నుంచో ఉంది. బేగంబజార్ మసాలా కొట్లలో నల్లగా ముడుచుకుని కనబడుతుంది, కోర్మాకు, చట్నీకి పులుపూ తీపీ ఇస్తుంది.

ఆ ఎండు ప్లమ్‌కు ఫ్రాన్స్ నైరుతిలో ఒక ఊరి పేరే ఉంది, ఆజెన్. అక్కడ పండును ఎండబెట్టి, పక్కనే గాస్కనీలో కాచే ఆర్మన్యాక్ అనే బ్రాందీలో నెలల తరబడి నానబెడతారు. పండు మిఠాయి అవుతుంది, నానిన బ్రాందీ భోజనం తర్వాత తాగే పానీయం అవుతుంది. ఆజెన్ ప్రూన్‌కు 2002లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఇంకెక్కడ ఎండబెట్టినా ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు. 1856లో లూయీ పెలియే అనే ఫ్రెంచివాడి ద్వారా ఆ చెట్టు కొమ్మలు కాలిఫోర్నియా చేరాయి, అక్కడ తోటలు పెరిగాయి. అమెరికాలో ప్రూన్ అంటే వయసు మళ్లినవాళ్ల మలబద్ధకానికి మందు అన్న ముద్ర పడిపోతే, 2000లో అక్కడి రైతులు ప్రభుత్వాన్ని ఒప్పించి ‘ఎండిన ప్లమ్’ అన్న పేరుతో అమ్ముకునే అనుమతి తెచ్చుకున్నారు. ఇప్పుడు ప్రూన్ రసాన్ని విస్కీలో, రమ్‌లో కలుపుతారు. గుజ్జును చాక్లెట్ కేకుల్లో వెన్నకు బదులు వేస్తారు.

ఒక పండు మీద పడ్డ చిన్న ముద్రను చెరపడానికి ఒక దేశం రైతులు, వ్యాపారులు, ప్రభుత్వం ఒక్కటయ్యారు. ఇప్పపువ్వు మీద పడ్డది అంతకంటే పెద్ద ముద్ర. చెరపడానికి ఎవరూ ముందుకు రాలేదు. గాస్కనీ రైతు తన పండును బ్రాందీలో నానబెడితే అది ఆ ప్రాంతపు గౌరవం. కొత్తగూడ అడవిలో కోయ మహిళ తన పువ్వును కుండలో నానబెడితే నేరం.

ముద్ర ఎవరు వేశారు?

ఈ నేరం అడవిలో పుట్టలేదు, ఖజానాలో పుట్టింది. బ్రిటిష్ పాలనలో అబ్కారీ పెద్ద ఆదాయం. ఎవరి చెట్టు వాళ్లు దించుకుని, ఎవరి కుండ వాళ్లు కాచుకుంటే సర్కారుకు పన్ను రాదు. అందుకని కాచే హక్కు, అమ్మే హక్కు వేలం పాడిన కాంట్రాక్టర్ల చేతికి వెళ్లాయి. మన గోదావరి ఏజెన్సీలో 1879లో లేచిన రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం ఇదే. కొండవాళ్లు ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద పన్ను, కాంట్రాక్టర్ పెత్తనం వచ్చి పడ్డాయి. కొండ భగ్గుమంది.

ఇప్ప విషయంలో బొంబాయి ప్రెసిడెన్సీ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1892లో మౌరా చట్టం తెచ్చి, ఠాణే, కొలాబా ప్రాంతాల్లో పువ్వు ఏరడం, దగ్గర పెట్టుకోవడం మీదనే ఆంక్షలు పెట్టింది. సారాను కాదు, పువ్వునే! అక్కడి ఆదివాసులకు ఆ పువ్వు కూడు కూడా అన్న సంగతి చట్టం రాసినవాళ్లకు పట్టలేదు. తెలియక కాదు. 1873-74లో బిహార్‌లో కరువు వచ్చినప్పుడు ఆ ఏడు విరగబూసిన ఇప్ప వేలమంది ప్రాణం నిలబెట్టిందని వలస పాలన నాటి రాతల్లోనే ఉంది. అలాంటి పువ్వు సేకరణ, నిల్వ, రవాణా మీద ఆంక్షలను మహారాష్ట్ర ప్రభుత్వం తొలగించింది 2021లో.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమం ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం నిషేధం అయింది. ఆ ఉద్యమం తెలుగు ఆడవాళ్ల గొప్ప విజయాల్లో ఒకటి. తాగి వచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలికి, కూలి డబ్బులన్నీ సారా దుకాణానికి పోయిన ఇంటికి ఎవరైనా సమాధానం చెప్పి తీరాలి. దాన్ని తగ్గించి మాట్లాడే హక్కు నాకు లేదు. అయితే ఆ ఉద్యమం ఎదిరించింది వేలం పాటల సారాను, ప్యాకెట్ల సారాను, ఊరూరా దుకాణం తెరిచిన కాంట్రాక్టర్‌ను. ఆ తర్వాత మన పల్లెలను పీల్చిన గుడుంబా కూడా ఇప్పసారా కాదు. మహబూబాబాద్ వైపు పోలీసులు గుడుంబా పట్టుకున్న వార్తల్లో నల్లబెల్లం బస్తాలు, పటిక మూటలు కనబడతాయి. ఇప్పపువ్వు కనబడేది చాలా అరుదు. పువ్వూ నీళ్లూ తప్ప ఇంకేమీ పడని కుండనూ, రేపటికల్లా అమ్ముకోవాలని ఏది పడితే అది కలిపే డ్రమ్మునూ ఒకే గాటన కట్టేశాం.

ముందు తిండి

ఇప్పపువ్వును వండేవాళ్లు మొదట చేసే పని శుభ్రం చేయడం. పువ్వు లోపల సన్నటి నూగులాంటి కేసరాలుంటాయి. వాటిని తీయకపోతే గొంతులో గరగరలాడుతుంది. ఎండుపువ్వును గోనెపట్టా మీద వేసి అరచేత్తో నలిపి, చాటతో చెరిగితే కేసరాలు, దుమ్ము పోతాయి. నేల మీద ఏరిన పువ్వు కాబట్టి ఇసుక ఉంటుంది. గోరువెచ్చని నీళ్లతో మూడు నాలుగుసార్లు కడగాలి. ఈ ఒక్క పనిలో బద్ధకిస్తే మిగతా వంటంతా వృథా.

పాత వంటలు చాలా సాదాగా ఉంటాయి. ఉడికించిన పువ్వును జొన్న సంకటితో కలుపుకోవడం, వేయించిన చింతగింజలతో కలిపి ఉడకబెట్టుకోవడం, నువ్వులతో దంచి ముద్ద చేసుకోవడం. చివరిది నాకు అన్నింటికంటే ఇష్టం. పువ్వుకు ఒక ఘాటు వాసన ఉంటుంది. కొత్తవాళ్లు ముఖం తిప్పుకునేది దానికే. వేయించిన నువ్వు ఆ ఘాటును కట్టేస్తుంది. శొంఠి, మిరియం, చింతపులుపు కూడా అదే పని చేస్తాయి. ఇప్పతో ఏ కొత్త వంట చేయాలన్నా ఈ నాలుగింట్లో ఒకటి తోడు పెట్టుకోండి.

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూను వ్యాపారంగా నిలబెట్టారు. పువ్వును వేయించి పొడి చేసి, నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి ఉండ కడతారు. రక్తహీనత ఉన్న గర్భిణులకు, ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఆ లడ్డూలు వెళ్లాయి. 2025 మార్చి 30 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఆదిలాబాద్ అక్కాచెల్లెళ్ల ఇప్పపువ్వు వంటకాలను ప్రస్తావించారు. లడ్డూలో ఇనుము వచ్చేది పువ్వు ఒక్కదాని వల్లనే కాదు, నువ్వులూ బెల్లం కూడా దానికి తోడు. ఇదే రక్తహీనతకు మందు అని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. పిల్లలు ఇష్టంగా తినే బలమైన తిండి, చుట్టూ ఉన్న అడవి నుంచే వచ్చే తిండి. ఆ మాట చాలు.

మన వైపు ఏటూరునాగారంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. గతంలో ఇక్రిశాట్ సాయంతో గిరిపోషణ పథకం కింద చిరుధాన్యాల ఆహారం ఉట్నూర్, భద్రాచలం, ఏటూరునాగారం మూడు చోట్లా ఇచ్చారు. యంత్రాలు నడపడం, ప్యాక్ చేయడం, అంగన్‌వాడీకి చేర్చడం తెలియని విద్యలేమీ కావు. ఉట్నూర్ చేసిన పని ములుగు, భూపాలపల్లి, కొత్తగూడల్లోనూ అదే స్థాయిలో నడవాలి.

ఇంట్లో చేసుకోవాలనుకుంటే మన పండుగ వంటలే దారి చూపిస్తాయి. సద్దుల బతుకమ్మకు మలీద చేస్తాం కదా, రొట్టెలు నలిపి బెల్లం కలిపి. ఆ బెల్లంలో సగం తీసేసి, నేతిలో కరకరలాడేలా వేయించి దంచిన ఇప్పపువ్వు వేయండి. జొన్నరొట్టె మలీద అయితే ఇంకా బాగా కుదురుతుంది. భక్ష్యాల పూర్ణంలో శనగపప్పుతో పాటు ఉడికించి రుబ్బిన పువ్వు పిడికెడు వేస్తే రంగు ముదురుతుంది, రుచి లోతెక్కుతుంది. కేకులు చేసే పిల్లలకు ఇంకో మాట. ప్రూన్స్ అడిగే ప్రతి వంటలో నానబెట్టిన ఇప్పపువ్వు వాడొచ్చు. చక్కెర మాత్రం మూడో వంతు తగ్గించాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఇది బెల్లంతో సమానమే. అడవి పువ్వు కదా అని లెక్క తప్పితే ఒంటికి తెలుస్తుంది.

గ్లాసులోకి

పానీయాలన్నింటికీ మూలం ఇప్ప పాకం. ఒక గ్లాసు శుభ్రం చేసిన ఎండుపువ్వుకు మూడు గ్లాసుల మరిగే నీళ్లు పోసి మూత పెట్టి రెండు గంటలు ఉంచాలి. రాత్రంతా నానబెట్టకండి. మన ఎండల్లో తెల్లారేసరికి పులుపెక్కడం మొదలుపెడుతుంది, అంత చక్కెర ఉంది అందులో. నానాక ఇరవై నిమిషాలు ఉడికించి, పలచటి బట్టలో వేసి గట్టిగా పిండి, ఆ రసాన్ని సన్నటి మంట మీద సగానికి మరగనివ్వాలి. దించేముందు ఒక నిమ్మకాయ రసం. చల్లారాక సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు నిలుస్తుంది. రంగు ముదురు తేనె రంగు. రుచిలో తీపి ముందు వస్తుంది, వెనకాల కొంచెం కాలిన బెల్లం, ఇంకొంచెం పండిన పండు.

ఈ పాకంతో చేసే పానీయాల్లో మొదటిది, నా లెక్కలో అన్నింటికంటే మేలైనది, పానకం. ఇప్ప రాలే కాలం, శ్రీరామనవమి కాలం ఒక్కటే. భద్రాద్రి రాముడి కల్యాణం నాటికి చుట్టూ అడవి పల్లెల్లో పువ్వు ఎండుతూ ఉంటుంది. బెల్లం బదులు ఇప్ప పాకం పోసి, మిరియం, శొంఠి, ఏలకులు దంచి వేసి, కొత్త కుండలో పోసి గంట ఆగి తాగండి. మిరియం ఘాటూ ఇప్ప ఘాటూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటాయి. ఉగాది పచ్చడి మన తెలంగాణ ఇళ్లలో తాగేలా పలచగా చేస్తాం. అందులో కొత్త చింతపండు పులుపుకు ఇప్ప తీపి జోడైతే బెల్లం లేని లోటు తెలియదు. మామూలు రోజుల్లో నిమ్మరసం, చిటికెడు ఉప్పు, సోడా, రెండు చెంచాల పాకం చాలు. సబ్జాగింజలు వేస్తే పిల్లలు వదలరు.

మద్యం తాగే అలవాటు ఉన్న పెద్దలకు రెండు మాటలు. వేయించిన పువ్వు పిడికెడు, పాత రమ్ అరసీసాలో వేసి రెండు రోజులు ఉంచి వడకట్టండి. ఆజెన్ వాళ్లు ప్రూన్‌తో చేసే పనే ఇది. దానికి అల్లం రసం, నిమ్మ, సోడా కలిపితే ఇంకే తీపీ అక్కర్లేదు. విస్కీ అయితే పాకం ఒక చెంచా, నారింజ తొక్క ముక్క. నానిన పువ్వును పారేయకండి, ఐస్‌క్రీం మీద వేసుకోండి. పిల్లలకు అందకుండా చూసుకోండి. ఇంట్లో సారా కాయాలని మాత్రం ఎవరూ చూడొద్దు. అది చట్టానికి విరుద్ధం. చేయి తిరగనివాళ్ల చేతిలో ప్రాణానికీ ప్రమాదం.

హక్కు ఉండాల్సిన చోట

ఇప్ప మద్యం ఇప్పుడు ఖరీదైన సీసాల్లోకి ఎక్కుతోంది. చిత్తూరు జిల్లాలో కిత్తనార జాతి అగేవ్ మొక్కల నుంచి మద్యం తీసే డిస్టిలరీ పెట్టిన డెస్మండ్ నజరెత్, 2018లో తన డెస్మండ్‌జీ పేరుతో ఇప్ప మద్యాన్ని గోవా మార్కెట్లోకి తెచ్చారు. దీన్ని నాటుసారా కింద కాకుండా విస్కీ, బ్రాందీల పక్కన కూర్చోబెట్టాలని ఆయన ఏళ్ల తరబడి వాదించారు. పట్టణం బార్లో ఇప్పకు కుర్చీ దొరికిందంటే సంతోషమే. కానీ పువ్వు ఏరిన ఆమెకు అందులో ఏం దొరికిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మధ్యప్రదేశ్ దానికి ఒక జవాబు ఇవ్వడానికి ప్రయత్నించింది. 2021 నవంబరులో ఇప్ప మద్యాన్ని వారసత్వ మద్యంగా గుర్తిస్తామని ప్రకటించి, తయారీని ఆదివాసీ స్వయంసహాయక సంఘాలకు అప్పగించే విధానం తెచ్చింది. అలీరాజ్‌పూర్ నుంచి మోండ్, డిండోరీ నుంచి మోహులో అనే పేర్లతో సీసాలు వచ్చాయి. పువ్వు నాణ్యత కోసం అదే రాష్ట్రంలో చెట్ల కింద వలలు కట్టి, నేల తాకకుండా పట్టడం కూడా మొదలైంది. మట్టి అంటని పువ్వుకు ఆహార పరిశ్రమలో ధర ఎక్కువ.

అంత దూరం వెళ్లనక్కర్లేదు కూడా. మన జనగామ తాళ్ల కిందే ఒక నమూనా ఉంది. తెలంగాణలో కల్లు గీసే హక్కు, అమ్మే హక్కు గీత కార్మికుల సహకార సంఘాలకు ఉంది. గీసేవాడికే చెట్టు అన్న పద్ధతీ ఉంది. 2019లో నీరా విధానం వచ్చింది, 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. తాటిచెట్టుకు, దాన్ని ఎక్కే మనిషికి ప్రభుత్వం ఇచ్చిన ఈ గుర్తింపు న్యాయమైనది. అదే న్యాయం ఇప్పచెట్టుకు, దాని కింద వంగి ఏరే మనిషికి ఎందుకు ఉండకూడదు? చట్టం అడ్డు కాదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు ఇవ్వాలంటోంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును గుర్తించింది. తమ ఊళ్లో మద్యం వద్దు, లడ్డూ, పాకం చాలు అని గ్రామసభ అంటే ఆ మాటే చెల్లాలి. మేం సంఘంగా కాచి, నాణ్యత పరీక్ష చేయించి, లెక్క చూపించి అమ్ముతాం అంటే ఆ మాటా చెల్లాలి. ఆ నిర్ణయంలో ఆడవాళ్ల మాట ముందుండాలి. సారా బాధా, పువ్వు కష్టమూ రెండూ ఎరిగినవాళ్లు వాళ్లే.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. చైత్రంలో అవసరానికి పువ్వు అమ్మేస్తారు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపో ఉన్నచోట కొంత అక్కడికి, లేనిచోట సంతలో షావుకారుకు. నిల్వ పెట్టే జాగా లేదు, తేమ తగిలితే బూజు పడుతుంది. వానాకాలంలో తమకే పువ్వు కావలసివస్తే ఎక్కువ ధరకు కొనుక్కోవడం ఇప్ప పండే ప్రాంతాలన్నిటా వినబడే మాట. గాలి తగిలే చిన్న గోదాము, తేమ చొరబడని సంచులు, వాటి మీద కొద్దిపాటి రుణం ఉంటే ఈ నష్టం సగం ఆగుతుంది. అటవీ ఉత్పత్తుల కోసం 2018లో మొదలైన వన్‌ధన్ వికాస కేంద్రాలు ఇలాంటి పనికి పనికొస్తాయి. వాటిని కాగితం మీద లెక్కలుగా వదిలేయకుండా ఇప్ప పల్లెల్లో నడిపించాలి.

చెట్టు సంగతి కూడా చెప్పాలి. పువ్వు స్పష్టంగా కనబడాలని మాఘ ఫాల్గుణాల్లో చెట్ల కింద ఆకులకు నిప్పు పెడతారు. ఆ నిప్పు అడవిలోకి పాకుతుంది, నేలమీద మొలిచిన ఇప్ప మొలకలు మాడిపోతాయి. గింజలన్నీ మనమే ఏరుకుంటే మొలవడానికి మిగిలేవి తక్కువ. అందుకే అడవిలో పెద్ద ఇప్పలే కనబడుతున్నాయి, పిల్ల చెట్లు అరుదైపోతున్నాయి. ఇప్ప నెమ్మదిగా పెరిగే చెట్టు. ఈ ఏడు నాటితే పువ్వు చూడటానికి పదేళ్ల పైనే పడుతుంది. వలలు పంచితే నిప్పు పెట్టే అవసరం తప్పుతుంది, పువ్వుకు ధరా పెరుగుతుంది. అటవీ శాఖ నర్సరీల్లో టేకు, యూకలిప్టస్ పక్కన ఇప్పకూ ఒక మడి ఉండాలి.

వచ్చే హోళీకి మళ్లీ పువ్వు రాలుతుంది. ఏటూరునాగారం ఐటీడీఏ ఆలోపు కొత్తగూడ, తాడ్వాయి, మహాముత్తారం మహిళా సంఘాలకు వలలు, నిల్వ గది, లడ్డూ యూనిట్ ఇవ్వాలి. ఇప్ప మద్యం తయారీని ఆదివాసీ సంఘాలకే ఇచ్చే విధానాన్ని, గ్రామసభల సమ్మతితో, రాష్ట్ర ప్రభుత్వం పరిశీలించాలి. చదువుతున్న మీరు కూడా ఒక పని చేయొచ్చు. సంతలో గానీ గిరిజన ఉత్పత్తుల దుకాణంలో గానీ ఇప్పపువ్వు అడగండి, లడ్డూ అడగండి. దొరికితే బేరమాడకుండా కొనండి, వచ్చే శ్రీరామనవమికి ఇంట్లో ఇప్ప పానకం చేసి పెట్టండి.